తెర, ఫోను, ఉద్యోగం: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో పనిచేసే తెలుగు ఉపాధ్యాయులు క్లస్టరు సమావేశాల్లోనూ, శిక్షణ శిబిరాల భోజన విరామాల్లోనూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను పర్లాకిమిడి ప్రాంతంలో పాఠాలు చెప్పేవాణ్ణి కనుక ఉదాహరణలు ఎక్కువగా ఆ చుట్టుపక్కలవే ఉంటాయి. మన బడుల్లో పరికరాల కొరత కన్నా భాషకు సంబంధించిన కాగితాల కొరతే పిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తోందని నా అభిప్రాయం. అందువల్ల ఉద్యోగాల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు మిగిలినవాటి కన్నా పొడవుగా ఉంటాయి.

మా బడికి స్మార్ట్ బోర్డు వచ్చింది, కానీ అందులో ఉన్నదంతా ఒడియా, ఇంగ్లీషు పాఠాలే. తెలుగు పాఠాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

కేంద్ర విద్యాశాఖ 2017 సెప్టెంబరు 5న ప్రారంభించిన దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో రాష్ట్రాన్నీ, మాధ్యమాన్నీ విడివిడిగా ఎంచుకోవచ్చు. మీరు ఒడిశాలో పనిచేస్తున్నా, ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ బోర్డును ఎంచుకుని తెలుగు మాధ్యమం అని సూచిస్తే ఆ రాష్ట్రాల పుస్తకాలూ, వాటికి అనుబంధంగా ఉన్న వీడియోలూ కనిపిస్తాయి. పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివించినా అక్కడికే చేరుకుంటారు. ఆంధ్రప్రదేశ్ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులోనూ ఎదుటి పేజీ ఇంగ్లీషులోనూ ఉండే ద్విభాషా ముద్రణలు మనకు ప్రత్యేకంగా పనికొస్తాయి. గణితంలో, సామాన్యశాస్త్రంలో పారిభాషిక పదం రెండు భాషల్లోనూ పక్కపక్కనే కనిపిస్తుంది కనుక ఒడియా మాధ్యమంలో చదివే తెలుగు పిల్లవాడికి కూడా భావం అందుతుంది.

అయితే ఆ పాఠాలను ఉన్నవి ఉన్నట్లుగా తెర మీద నడిపించడం పొరపాటు. మన పిల్లలు పరీక్ష రాయవలసింది ఒడిశా పాఠ్యప్రణాళిక ప్రకారం. ఆంధ్ర పుస్తకంలో ఆరో తరగతిలో ఉన్న అంశం ఇక్కడ మరో తరగతిలో ఉండవచ్చు. నేను ముందుగా మన పుస్తకంలోని అధ్యాయాల పేర్లను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదానికి ఎదురుగా సరిపోయే తెలుగు వీడియోను గుర్తించి పెట్టుకుంటాను. మొదటి ఏడాది ఆ పని విసుగు పుట్టిస్తుంది, రెండో ఏడాది నుంచి అదే కాగితం అక్కరకు వస్తుంది.

తెర వల్ల నిజంగా మేలు జరిగే పాఠం ఏదైనా ఉందా, లేక అదంతా ఆర్భాటమేనా?

ఆర్భాటం పాలు కొంత ఉన్నదన్నది నిజమే. కానీ లిపి నేర్పేటప్పుడు తెరకు సాటి వచ్చే పరికరం మరొకటి నాకు కనబడలేదు. ఒడియాలో ఠ అక్షరం ఇంచుమించు నిండు వలయంలా ఉంటుంది. ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లవాడు దాన్ని చూడగానే సున్న అంటాడు. మా మూడో తరగతిలో ఒక అమ్మాయి ఆ అక్షరం వచ్చిన ప్రతి మాటనూ 'మ్' అని ముగించి చదువుతూ, ఎందుకు తప్పో తెలియక నెలరోజులు ఇబ్బంది పడింది. ఒకనాడు రెండు అక్షరాలనూ తెర మీద అరచేతి కన్నా పెద్దవిగా చేసి, వాటిని తన వేలితోనే గీయించాను. తెలుగు సున్న మాట చివర ముక్కుతో పలికే గుర్తు అనీ, ఒడియా వలయం తనంతట తానే ఒక హల్లు అనీ అప్పుడు ఆమెకు అర్థమైంది. నల్లబల్ల మీద కూడా ఇది చెప్పవచ్చు గానీ, గీసినదాన్ని చెరిపి, పక్కకు జరిపి, ఒకదానిపై ఒకటి పెట్టి చూపే వీలు అక్కడ ఉండదు.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారు, ఏ పరికరమూ లేని రోజుల్లో సవర గిరిజన పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు. తరగతిలో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపించే బడుల్లో పనిచేసేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవడం మంచిది.

కొండ గ్రామాల్లో నెట్‌వర్కు లేదు, కరెంటు నిలకడ లేదు. అక్కడ ఏం చేయాలి?

దీక్షా యాప్‌లో పాఠాన్ని ముందుగా దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. గుణుపురం, కాశీనగర్ వైపు నుంచి వచ్చే సహోద్యోగులు ఆదివారం నాడు పట్నంలో వారానికి సరిపడా పాఠాలను దించుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తారు. రెండో మార్గం పీఎం ఈ-విద్య టీవీ చానళ్లు. 2020లో 12 చానళ్లతో మొదలైన ఈ ఏర్పాటును 2022 కేంద్ర బడ్జెట్లో 200 చానళ్లకు విస్తరిస్తామని ప్రకటించారు. డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉంటే నెలనెలా చెల్లించవలసింది ఏమీ ఉండదు.

కరెంటు విషయంలో నా సలహా ఒక్కటే. బోర్డుతో పాటు వచ్చిన యూపీఎస్ బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో మొదటి వారంలోనే గడియారం పెట్టి చూసి, రిజిస్టరులో రాయండి. వారంటీ గడువు ముగిసిన తర్వాత అది పది నిమిషాలకే ఆగిపోతోందని తెలుసుకుంటే లాభం లేదు.

తెలుగులో టైపు చేసిన ప్రశ్నపత్రం వాట్సాప్‌లో పంపితే పిచ్చి గీతల్లా కనిపిస్తోంది. ఎందుకు?

మీరు దాన్ని అను వంటి పాత ఫాంట్లలో టైపు చేయించి ఉంటారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే అక్షరాలు సరిగ్గా కనిపిస్తాయి. ఒడియా పత్రాలకు ఆకృతి ఫాంట్లతో వచ్చే చిక్కు కూడా ఇదే. యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ ఫోనులోనైనా చదవవచ్చు, ఒకే కాగితం మీద తెలుగూ ఒడియా రెండూ ఇమిడిపోతాయి. ముద్రణాలయం వారు పాత ఫాంటే కావాలంటే పీడీఎఫ్ రూపంలో ఒక ప్రతి కూడా తీసుకోండి. ఫోనులో టైపు చేయడం కష్టమనిపించేవారు జీబోర్డు కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది. మన ఉత్తరాంధ్ర యాసను అది అక్కడక్కడా తడబడుతూ రాస్తుంది కనుక ఒకసారి చదివి సరిచూసుకోవాలి.

కృత్రిమ మేధతో పాఠాలు అనువదించవచ్చా?

చిత్తుప్రతి వరకు చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి అనువాద వేదికలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. వచ్చిన అనువాదాన్ని మీరు వాక్యం వాక్యం చదవకుండా పిల్లలకు ఇవ్వవద్దు. పిల్లల పేర్లూ, మార్కులూ, ఆరోగ్య వివరాలూ అలాంటి యాప్‌లలో పెట్టవద్దు.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు నడపడంలో ఎదురవుతున్న చిక్కులను ఎలా దాటాలి?

మొదటి చిక్కు ఫోను నంబర్లది. గ్రూపులో చేరిన ప్రతి తల్లి నంబరూ మిగిలిన వారందరికీ కనిపిస్తుంది. ఇందువల్ల వేధింపులు ఎదుర్కొన్న కుటుంబాలు మా ప్రాంతంలో ఉన్నాయి. గ్రూపుకు బదులు వాట్సాప్ కమ్యూనిటీలోని ప్రకటనల విభాగాన్ని వాడితే సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, సందేశం పెట్టే అధికారం బడికి మాత్రమే ఉంటుంది. అర్ధరాత్రి వచ్చే శుభోదయాలూ, రాజకీయ వీడియోలూ కూడా దాంతో ఆగిపోతాయి.

రెండో చిక్కు లిపిది. మన ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లికి ఒడియా మాత్రమే చదవడం వచ్చి ఉండవచ్చు, ఆమె భర్తకు తెలుగు మాత్రమే చదవడం వచ్చి ఉండవచ్చు, అత్తగారికి రెండూ రాకపోవచ్చు. నేను సర్క్యులరు ఫొటో పెట్టి, దాని కింద అర నిమిషం గొంతు సందేశం తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి పెడతాను. "మాస్టారండీ, మీ గొంతు విన్నాకే బడికి సెలవని తెలిసింది" అని ఒక తల్లి చెప్పిన రోజు నుంచి ఆ అలవాటు మానలేదు.

బడి కార్యక్రమాల్లో పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టవచ్చా?

తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేకుండా పెట్టకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారందరూ పిల్లలే. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగిన సమ్మతి తీసుకోవాలని ఆ చట్టం చెబుతోంది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలులోకి వస్తోంది. పిల్లల విషయంలో బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. అంత జరిమానా పల్లెటూరి బడి మీద పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పిల్ల పేరు, తరగతి, ఊరు, యూనిఫాం మీది బడి చిహ్నం ఒకే ఫొటోలో కనిపిస్తే అపరిచితుడికి ఆమె చిరునామా ఇచ్చినట్లే కదా.

ప్రతి విద్యార్థికీ విడిగా ఇచ్చే అపార్ గుర్తింపు సంఖ్యకు కూడా తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి. సంఖ్యలో 12 అంకెలు ఉంటాయి. సంతకం చేయించే ముందు పత్రంలో ఏముందో తెలుగులో చదివి వినిపించండి.

పిల్లలు ఏ వయసు నుంచి సామాజిక మాధ్యమాల్లో ఖాతా తెరవవచ్చు? మేము వారిని ఎంతవరకు ఆపగలం?

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ తమ నిబంధనల్లో 13 ఏళ్లను కనీస వయసుగా పెట్టాయి. పుట్టిన సంవత్సరాన్ని మార్చి రాసేందుకు ఐదో తరగతి పిల్లవాడికి అర నిమిషం పట్టదని మనందరికీ తెలుసు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపువారికి ఇటువంటి ఖాతాలను నిషేధించింది. మన బడి ఆవరణలో ఫోను తేకూడదని నియమం పెట్టుకోవడం మన చేతిలో ఉంది గానీ, సాయంత్రం ఇంట్లో అన్నయ్య ఫోనులో రీళ్లు చూడటాన్ని మనం ఆపలేం.

అక్కడ మనం చేయగలిగిన పని ఒకటుంది. తొమ్మిదో తరగతిలో ఒక పీరియడు తీసుకుని, ఖాతాను ప్రైవేటుగా మార్చడం, లొకేషన్ ఆపడం, తెలియనివారి సందేశాలను అడ్డుకోవడం పిల్లల చేతనే చేయించండి. ఉపన్యాసం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

ఎవరో తన ఫొటోలతో బెదిరిస్తున్నారని విద్యార్థిని వచ్చి చెప్పింది. ఉపాధ్యాయుడిగా నా బాధ్యత ఏమిటి?

ముందు ఆ పిల్లను తిట్టవద్దు, ఫోనులోని సందేశాలను చెరిపించవద్దు. వాటిని స్క్రీన్‌షాట్లు తీయడం మీకు తోచే మొదటి పని అవుతుంది. కానీ అశ్లీల చిత్రాలుంటే వాటిని మీ ఫోనులోకి పంపించుకోవద్దు. పిల్లలకు సంబంధించిన అశ్లీల సామగ్రిని పంపడమే సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షను కింద నేరం. ఆమె ఫోనును అలాగే భద్రపరచండి.

పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను చెబుతోంది. తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది. సంస్థకు బాధ్యులైనవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే అది మరింత ఎక్కువ. "ఊరి పెద్దల్లో పరిష్కరించుకుందాం" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. పిల్లల సహాయానికి 1098, సైబరు నేరాలకు 1930 నంబర్లకు ఫోను చేయవచ్చు. ఆ పిల్ల పేరు స్టాఫు గ్రూపులో కూడా రాకుండా చూసుకోండి.

ప్రభుత్వ ఉపాధ్యాయుడు యూట్యూబ్ చానల్ నడపవచ్చా?

పాఠాలను ఉచితంగా పంచడానికీ, డబ్బు కోసం పాఠాలు చెప్పడానికీ తేడా ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ఉపాధ్యాయుల ప్రైవేటు ట్యూషన్లను నిషేధించింది. ఆన్‌లైన్ ట్యూషను కూడా ట్యూషనే. దీనికి తోడు 1959 నాటి ఒడిశా ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది కనుక, ప్రకటనల ఆదాయం రావడానికి ముందే శాఖ అనుమతి కోసం దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వ విధానాలను విమర్శించే పోస్టులు, 'నా సొంత అభిప్రాయం' అని కింద రాసినంత మాత్రాన, ఆ నియమావళి పరిధి దాటిపోవు.

తెలుగు మాధ్యమంలో చదివిన మా పిల్లలకు ఒడిశాలో ఉపాధ్యాయ ఉద్యోగాలు వస్తాయా?

వస్తాయి, కానీ ఒక కాగితం దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. ఒడిశా ప్రభుత్వ నియామక ప్రకటనల్లో అభ్యర్థికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలనే షరతు ఉంటుంది. దాన్ని నిరూపించే మార్గాలను కూడా అక్కడే చెబుతారు: ఏడో తరగతి చివరి పరీక్షలో ఒడియాను ఒక భాషగా ఉత్తీర్ణులై ఉండటం, లేదా మెట్రిక్ పరీక్షను ఒడియా మాధ్యమంలో రాసి ఉండటం, లేదా మిడిల్ స్కూలు స్థాయి ఒడియా పరీక్షను విడిగా ఉత్తీర్ణులై ఉండటం. పిల్లవాడు బజారులో అనర్గళంగా ఒడియా మాట్లాడతాడు, ఒడియా పత్రిక చదువుతాడు, కానీ ధ్రువపత్రాల పరిశీలన రోజున అధికారి అడిగేది మార్కుల పట్టికనే.

అందుకే ఈ మాట ఉద్యోగం వయసులో చెప్పవలసింది కాదు, ఆరో తరగతిలో చెప్పవలసింది. తెలుగు మాధ్యమంలో చేరిన పిల్లవాడికి ఒడియా ఒక భాషగా ఉందో లేదో, ఏడో తరగతి మార్కుల పట్టికలో దాని పేరు స్పష్టంగా ముద్రించారో లేదో హెడ్‌మాస్టారే చూడాలి. ఇప్పటికే పెద్దవారైన వారు విడిగా నిర్వహించే ఒడియా పరీక్ష కోసం జిల్లా విద్యాధికారి కార్యాలయంలో వాకబు చేసి, నియామక ప్రకటన రాకముందే దాన్ని పూర్తిచేసుకోవాలి. ప్రకటన వెలువడ్డాక దరఖాస్తు గడువుకూ పరీక్షకూ పొంతన కుదరదు.

ఉపాధ్యాయ అర్హత పరీక్షల (టెట్) విషయానికి వస్తే, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఒడిశా మాధ్యమిక విద్యా బోర్డు నిర్వహించే ఓటెట్ ఉంది. దానిలో మొదటి భాషగా తెలుగును కూడా ఎంచుకోవచ్చు. ఉన్నత పాఠశాలలకు ఓఎస్‌ఎస్‌టెట్ ఉంది. హిందీ, సంస్కృతం, ఉర్దూలతో పాటు తెలుగు భాషోపాధ్యాయుల వర్గం కూడా నియామకాల్లో కనిపిస్తుంది గానీ, పోస్టుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటుంది. తెలుగు పండితుడి పోస్టునే నమ్ముకుని ఏళ్ల తరబడి ఎదురుచూడమని నేను ఎవరికీ చెప్పను.

బి.ఎడ్ చేయాలా, డి.ఎల్.ఎడ్ చేయాలా?

ఐదో తరగతి వరకు చెప్పే పోస్టులు కావాలంటే డి.ఎల్.ఎడ్. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బి.ఎడ్ ప్రాథమిక స్థాయికి అర్హత కాకుండా పోయింది.

ఇక్కడ చదివినవారు ఆంధ్రప్రదేశ్ డీఎస్సీ రాయవచ్చా?

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 80 శాతం ఉపాధ్యాయ పోస్టులు స్థానికులకు కేటాయిస్తారు. స్థానికతను మాతృభాషను బట్టి కాదు, పదో తరగతితో ముగిసే సంవత్సరాల్లో ఎక్కడ చదివారనే దాన్ని బట్టి నిర్ణయిస్తారు. మన పిల్లలు ఆంధ్రలోని పాతపట్నానికి కూతవేటు దూరంలో ఉన్నా, బడి ఒడిశాలో ఉంటే స్థానికేతరులే అవుతారు, మిగిలిన 20 శాతంలోనే పోటీ పడాలి. నోటిఫికేషన్‌లో స్థానికేతరుల పేరాను పూర్తిగా చదివాకే రుసుము కట్టండి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించినప్పుడు మా దగ్గర ఎంతోమంది ఆ సంఖ్యను చూసి ఆశపడ్డారు తప్ప ఈ పేరాను చూడలేదు.

కుల ధ్రువపత్రం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక రాష్ట్రంలో ఎస్సీ లేదా ఎస్టీగా గుర్తింపు పొందినవారికి వేరే రాష్ట్రానికి వెళ్లినంత మాత్రాన అక్కడి రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. ఒడిశా ధ్రువపత్రంతో ఆంధ్రాలో దరఖాస్తు చేస్తే సాధారణ విభాగంలోనే లెక్కిస్తారు.

రెండు రాష్ట్రాల చిక్కు లేని ఉద్యోగాలు ఏవి?

కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలు, ఏకలవ్య ఆదర్శ గురుకులాలు దేశవ్యాప్తంగా నియామకాలు చేస్తాయి. కేంద్రం నిర్వహించే సీటెట్‌లో 150 ప్రశ్నలకు 90 మార్కులు వస్తే సాధారణ విభాగం అభ్యర్థులు ఉత్తీర్ణులైనట్లు, ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. దానిలో తెలుగును భాషా విభాగం వరకే ఎంచుకోవచ్చు, మిగిలిన ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. మన పిల్లలు తరచుగా తడబడేది ఇక్కడే. నవోదయ, ఏకలవ్య సంస్థల్లో మూడో భాషగా తెలుగు చెప్పే పోస్టులు కూడా అప్పుడప్పుడు వస్తాయి.

ఉపాధ్యాయ వృత్తి కాకపోయినా ఫర్వాలేదనుకునేవారికి తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ పోస్టులు ఉన్నాయి. పరీక్ష లేదు, పదో తరగతి మార్కులతోనే ఎంపిక. ఆ తపాలా సర్కిలు స్థానిక భాషను పదో తరగతి వరకు చదివి ఉండాలనే షరతు ఉంటుంది. ఒడిశాలో తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివిన విద్యార్థి ఆంధ్రప్రదేశ్ సర్కిలుకు దరఖాస్తు చేయగలగడం ఈ షరతు వల్లే. ఒడియాకూడా చదివినవాడికి రెండు సర్కిళ్లూ తెరిచి ఉంటాయి.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న నేను టెట్ రాయాలా?

2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, పదవీ విరమణకు ఐదేళ్ల కన్నా ఎక్కువ సర్వీసు ఉన్న ఎనిమిదో తరగతి లోపు ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలి. ఐదేళ్ల లోపు ఉన్నవారు కొనసాగవచ్చు గానీ పదోన్నతికి టెట్ తప్పదు. మైనారిటీ సంస్థలకు ఇది వర్తిస్తుందా అనే ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషిని మళ్లీ పరీక్ష హాలులో కూర్చోబెట్టడం నాకు కష్టంగానే తోచింది, అయినా పుస్తకం తీయక తప్పలేదు.

మా బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యారు. పోస్టు నింపడం లేదు. ఏం చేయాలి?

ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. బడిలో 40 మంది లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాషవారు ఉంటే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది 1949 నుంచి ఉన్న అంగీకారం. కనుక దరఖాస్తులో ఆవేదన తగ్గించి, తరగతులవారీగా తెలుగు పిల్లల జాబితా జతచేయండి. జాబితాలో మాతృభాష గడి ఖాళీగా ఉంటే, లేదా ప్రవేశ సమయంలో గుమాస్తా అందరికీ ఒడియా అని రాసి ఉంటే, ముందు ఆ గడిని తల్లిదండ్రుల సంతకంతో సరిచేయించండి. ఒక ప్రతి బ్లాకు విద్యాధికారికి, ఒకటి జిల్లా విద్యాధికారికి, ఒకటి భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి. ప్రతిదానికీ రసీదు తీసుకోండి.

వాట్సాప్‌లో వచ్చే ఉద్యోగ ప్రకటన నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

నా పాత విద్యార్థి ఒకతను ఉపాధ్యాయ పోస్టు పేరుతో వచ్చిన సందేశాన్ని నమ్మి, 'ధ్రువపత్రాల పరిశీలన రుసుము' అని అడిగితే మూడు వేల రూపాయలు ఫోనులో పంపించాడు. తర్వాత ఆ నంబరు పలకలేదు. ఆ ప్రకటనను నాకు చూపించినప్పుడు కింద సంతకం ఉంది, ముద్ర ఉంది, కానీ ప్రకటన సంఖ్య లేదు, చివరి తేదీ ఆదివారం, డబ్బు కట్టమన్నది ఒక వ్యక్తి ఖాతాకు. ప్రకటన వచ్చిన వెంటనే ఆ శాఖ సొంత వెబ్‌సైటులో అదే సంఖ్యతో ఉందో లేదో చూడండి. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి, ఎందుకంటే ఆ డబ్బు మరో ఖాతాకు మారకముందే బ్యాంకు దాన్ని నిలిపివేయగలదు. అతను నా దగ్గరికి వచ్చేసరికి పదకొండు రోజులు గడిచిపోయాయి.